హెర్క్యులిస్ కొనొచ్చా? ఇంట్లో పట్టని పిన్‌బాల్ మెషీన్ గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. టెక్సస్‌లో ఫ్రిస్కో దగ్గర కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు, మేడ మీద గేమ్ రూమ్ అనుకున్నారు. మూతపడిన ఒక పాత ఆర్కేడ్ (నాణేలు వేసి గేములు ఆడే హాలు) సామాను అమ్ముతుంటే చూడ్డానికి వెళ్ళారు. అక్కడ వీడియో గేముల కంపెనీ అటారీ వాళ్ళ 'హెర్క్యులిస్' కనిపించింది, అంటే వాలు పలక మీద దొర్లే బంతిని కింద పడకుండా కొట్టి ఆడే పిన్‌బాల్ మెషీన్. బంతి బిలియర్డ్స్ బంతంత ఉంది, పెట్టె పక్కన నిలబడితే మనిషి చిన్నబోతున్నాడు. మిగతా మెషీన్లన్నీ మర్చిపోయి దాని దగ్గరే ఆగిపోయారు. కొనొచ్చా, ముందు ముందు విలువ పెరుగుతుందా, ఎప్పుడైనా హైదరాబాద్ తీసుకెళ్ళే వీలుందా? ఇవీ మీ మూడు ప్రశ్నలు.

మేడ మీది గదికైతే వద్దు. ఇది డబ్బు సంగతి కాదు, మెట్ల సంగతి. కింద షాపు లాంటి జాగా గానీ, జనం వచ్చిపోయే హాలు గానీ ఉంటే మాత్రం గట్టిగా ఆలోచించండి, అలాంటి చోట దీనికి సాటి లేదు. నేను ఉద్యోగం పక్కన చాలాకాలంగా పాత పిన్‌బాల్ మెషీన్లు బాగుచేస్తున్నాను. బే ఏరియాలో ఉంటాను, అంటే అటారీ పుట్టిన సన్నీవేల్‌కు పక్కనే. కాబట్టి ఈ మెషీన్ మీద నాకు కొంచెం మమకారం ఉంది. అది తీసేసి చెబుతున్నాను.

హెర్క్యులిస్ 1979లో వచ్చింది. వ్యాపారం కోసం తయారుచేసి అమ్మిన పిన్‌బాల్ మెషీన్లలో ఇంతకంటే పెద్దది లేదు. పొడవు 93 అంగుళాలు, వెడల్పు 39, ఎత్తు 83. మన లెక్కలో చెప్పాలంటే ఏడుముప్పావు అడుగుల పొడవు, మూడుంపావు అడుగుల వెడల్పు, దాదాపు ఏడడుగుల ఎత్తు. మామూలు మెషీన్ 50 నుంచి 56 అంగుళాల పొడవు, 28 అంగుళాల అటూ ఇటూ వెడల్పు ఉంటుంది. బంతి కూడా మామూలుగా వాడే ఉక్కు గుండు కాదు, రెండుంపావు అంగుళాల క్యూ బాల్, అంటే బిలియర్డ్స్ టేబుల్ మీది తెల్లబంతి.

అటారీ ఇలాంటిది ఎందుకు చేసిందో తెలిస్తే మెషీన్ సగం అర్థమవుతుంది. పిన్‌బాల్ అంటే అప్పటికి షికాగో వ్యాపారం. బాలీ, విలియమ్స్, గాట్లీబ్, స్టెర్న్ అందరూ అక్కడివాళ్ళే. కాలిఫోర్నియా నుంచి వీడియో గేముల కంపెనీ ఒకటి ఆ రంగంలోకి దిగి, మొదటి నుంచీ మైక్రోప్రాసెసర్‌తో నడిచే మెషీన్లే చేసింది. 'ది అటారియన్స్'తో మొదలుపెట్టి 'టైమ్ 2000', 'ఎయిర్‌బోర్న్ అవెంజర్', 'మిడిల్ ఎర్త్', 'స్పేస్ రైడర్స్', 'సూపర్‌మ్యాన్' వదిలింది. వెడల్పు ప్లేఫీల్డ్ (బంతి తిరిగే పలక) వీళ్ళ గుర్తు. మొదటి నుంచీ 'మాది పెద్దది' అని చూపించుకోవాలన్న తపన కనిపిస్తుంది. హెర్క్యులిస్ ఆ తపనకు చివరి మజిలీ. అటారీ మార్కెట్లోకి వదిలిన ఆఖరి పిన్‌బాల్ కూడా ఇదే. తర్వాత కొన్ని నమూనాలు చేశారు గానీ అవి ఫ్యాక్టరీ గడప దాటలేదు.

కారణం బయట ఎక్కడో లేదు, అదే కంపెనీలో ఉంది. 1978లో టైటో కంపెనీ వీడియో గేమ్ 'స్పేస్ ఇన్వేడర్స్' వచ్చింది. 1979 చివర్లో అటారీ సొంత 'ఆస్టరాయిడ్స్' వచ్చింది. నాణేలన్నీ అటు వెళ్ళిపోయాయి. వీడియో గేమ్ పెట్టెలో టీవీ తెర, కొన్ని బోర్డులు, నాలుగు బటన్లు. పిన్‌బాల్‌లో వందల కొద్దీ కదిలే భాగాలు, బోలెడంత వైరు. రెండూ పక్కపక్కనే ఒకే కంపెనీ తయారుచేస్తుంటే లెక్కలు చూసేవాడు దేన్ని ఉంచుతాడో చెప్పక్కర్లేదు. అందుకే హెర్క్యులిస్‌లు తక్కువే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం అమ్యూజ్‌మెంట్ పార్కులకు, పెద్ద ఆర్కేడ్లకు వెళ్ళాయి. మీరు చూసింది ఆర్కేడ్ నుంచి రావడం సహజమే. అక్కడ దాని పని ఒకటే: దూరం నుంచి కనపడి జనాన్ని లోపలికి లాగడం. ఒక ఆట ఆడి నవ్వుకుని, పక్కనున్న వేరే మెషీన్ మీద మిగతా చిల్లర ఖర్చుపెడతారు.

ఇక మీకు కొంచెం నొప్పి కలిగించే మాట. ఆటగా ఇది బాగుండదు. పిన్‌బాల్ ఆడేవాళ్ళ మధ్య హెర్క్యులిస్ పేరెత్తితే ముందు నవ్వు వస్తుంది. దీన్ని చాలామంది 'నెమ్మది' అని ఒక్కమాటలో తేల్చేస్తారు. ఎందుకు నెమ్మదో మాత్రం ఎవరూ వివరంగా చెప్పరు, కాబట్టి నేను కాస్త లెక్క వేసి చూపిస్తాను. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినవాళ్ళకు కష్టం కాదు.

వాలు మీద దొర్లే గట్టి బంతి ఎంత వేగంగా జారుతుందన్నది బంతి సైజు మీద, బరువు మీద ఆధారపడదు. వాలు 6.5 డిగ్రీలు ఉంటే గోళీ అయినా, ఉక్కు గుండు అయినా, క్యూ బాల్ అయినా త్వరణం ఒకటే, సుమారు 0.8 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్. పెట్టె పొడవు మామూలుదానికి 1.7 రెట్లు ఉందనుకుంటే, పైనుంచి కిందికి రావడానికి పట్టే సమయం దాని వర్గమూలం, అంటే 1.3 రెట్లు. కంటికి ఇంకా నెమ్మదిగా కనిపిస్తుంది. మన కన్ను వేగాన్ని బంతి సైజుతో పోల్చి కొలుస్తుంది కదా. చిన్న గుండు తన వెడల్పుకు పదింతలు దూరం దాటే సమయంలో ఈ పెద్ద బంతి ఐదింతలు కూడా దాటదు.

ఇప్పుడు ఫ్లిప్పర్ (బటన్ నొక్కితే బంతిని పైకి కొట్టే చిన్న తెడ్డు) వైపు నుంచి చూద్దాం. మామూలు గుండు 27 మిల్లీమీటర్లు, 80 గ్రాములు. క్యూ బాల్ 57 మిల్లీమీటర్లు, 170 గ్రాముల చిల్లర. రెట్టింపు కంటే కాస్త ఎక్కువ బరువున్న బంతిని 1.7 రెట్లు దూరం వాలు ఎక్కించాలంటే ఫ్లిప్పర్ ఇచ్చే శక్తి మూడున్నర రెట్లు ఉండాలి. అంత బలమైన కాయిల్ (ఫ్లిప్పర్‌ను లాగే విద్యుదయస్కాంతం), దానికి తగ్గ కరెంటు, తట్టుకునే ఇరుసు, ఇవన్నీ కావాలి. పోనీ ఉక్కు గుండునే అదే సైజుకు పెంచితే? బరువు ముప్పావు కిలో అవుతుంది. పదహారింతల శక్తి కావాలి, గాజుకు తగిలితే ఏమవుతుందో ఊహించుకోండి. కాబట్టి బిలియర్డ్స్ బంతి పెట్టడం తెలివైన పనే. అయినా ఫ్లిప్పర్ కొట్టినప్పుడు 'టక్' మని ఎగిరిపోయే ఆ చురుకు రాదు. బరువైన దాన్ని తోస్తున్నట్టే ఉంటుంది.

దీనికి తోడు ఇంకో ఇబ్బంది ఉంది, దాన్ని తక్కువమంది గమనిస్తారు. మెషీన్ పెద్దదైంది గానీ అన్నీ సమానంగా పెరగలేదు. బంతి రెండింతలు దాటింది, పొడవు 1.7 రెట్లే పెరిగింది, వెడల్పు 1.4 రెట్లే. అంటే బంతి లెక్కన చూస్తే ఆడే జాగా మామూలు మెషీన్ కంటే ఇరుకు! పెద్ద ఇల్లు కట్టి అందులో ఏనుగును పెంచినట్టు. సన్నటి దారులు, ఒకదాని వెనక ఒకటి దాగిన లక్ష్యాలు, కొనతో కొట్టే సూటి షాట్లు, ఇవి పెట్టడానికి చోటు లేదు. వెడల్పు ఇంకా పెంచితే ఆటగాడి చేతులు రెండు పక్కల బటన్లకు అందవు. అక్కడే ఇరుక్కుపోయారు డిజైనర్లు. 39 అంగుళాలకే పొట్టివాళ్ళు చేతులు బార చాచి ఆడాలి.

ఆఖరుగా కుదుపు. పిన్‌బాల్‌లో సగం ఆట చేతివేళ్ళలో ఉంటే మిగతా సగం అరచేతుల్లో ఉంటుంది. బంతి రెండు ఫ్లిప్పర్ల మధ్యలోకి పోతున్నప్పుడు పెట్టెను సరిగ్గా అంగుళంలో వీసమెత్తు కదిపి దాన్ని పక్కకు మళ్ళిస్తారు. మరీ గట్టిగా కదిపితే లోపల వేలాడే లోలకం చుట్టూ ఉన్న రింగుకు తగిలి 'టిల్ట్' అవుతుంది, బంతి పోతుంది. న్యూయార్క్ నగరంలో 1942 నుంచి పిన్‌బాల్ మీద నిషేధం ఉండేది, జూదం అని. 1976లో రోజర్ షార్ప్ అనే ఆటగాడు నగర కౌన్సిల్ ముందు మెషీన్ ఆడి చూపించి, ఇది అదృష్టం కాదు నైపుణ్యం అని ఒప్పించాక అది పోయింది. ఆ తర్వాత మూడేళ్ళకు అటారీ వాళ్ళు మనిషి కదపలేని మెషీన్ తీసుకొచ్చారు. హెర్క్యులిస్‌ను కదపడానికి నిజంగానే ఆ గ్రీకు వీరుడు హెర్క్యులిస్ రావాలి.

ఇంత చెప్పాక, మరి సేకరించేవాళ్ళు దీని వెంట ఎందుకు పడతారు అంటారా? పడతారు, కానీ తక్కువమంది, ఒక ప్రత్యేకమైన రకం వాళ్ళు.

పిన్‌బాల్ సేకరణలో 'అరుదు' అన్నమాటను రెండుగా విడదీసి చూడాలి. తక్కువ తయారైంది కాబట్టి అరుదు అన్నది ఒకటి. తక్కువ ఉండి ఎక్కువమందికి కావాలి కాబట్టి అరుదు అన్నది రెండోది. డబ్బు వచ్చేది రెండోదానికే. క్యాప్‌కామ్ కంపెనీ 1996లో చేసిన 'బిగ్ బ్యాంగ్ బార్' చూడండి. పద్నాలుగు నమూనాలు మాత్రమే బయటపడ్డాయి. ఆడితే బ్రహ్మాండంగా ఉంటుంది, మామూలు సైజే, ఏ ఇంట్లోనైనా పడుతుంది. అందుకే దానికోసం ఎగబడ్డారు, తర్వాత ఒక అభిమాని పూనుకుని దాన్ని మళ్ళీ కొద్ది సంఖ్యలో తయారుచేయించాడు కూడా. ఇంకోవైపు 1992లో బాలీ 'ఆడమ్స్ ఫ్యామిలీ' ఇరవై వేలకు పైగా అమ్ముడైంది, ఎక్కడ చూసినా ఉంటుంది, అయినా దాని ధర పడదు. బాగుంటుంది కాబట్టి అందరికీ కావాలి. హెర్క్యులిస్ ఈ రెండింటికీ చెందదు. తక్కువే ఉన్నాయి, చూసిన ప్రతివాడూ నోరు తెరుస్తాడు. కానీ ఇంటికి తీసుకెళ్ళగలిగినవాడు వందలో ఒకడు కూడా ఉండడు.

ఆ ఒక్కడు ఎవరంటే, సాధారణంగా పాత ఆర్కేడ్‌ను తిరిగి నడిపేవాడు, మ్యూజియం పెట్టుకున్నవాడు, గోడౌన్ అంత షెడ్డు ఉన్నవాడు. లేదా అటారీ మెషీన్లన్నీ వరుసగా సమకూర్చుకునే పిచ్చి ఉన్నవాడు. మొత్తం ఏడే కాబట్టి ఆ సెట్టు పూర్తిచేయడం సాధ్యమే, ఆరు దాకా అందరూ వస్తారు, ఏడోదగ్గర ఆగిపోతారు. వీళ్ళకు ఆట బాగుండకపోవడం పెద్ద లెక్క కాదు. ఇది కంపెనీ చరిత్రలో ఒక గుర్తు, దాని పిన్‌బాల్ విభాగం తన చివరి రోజుల్లో ఎంత గట్టిగా అరిచిందో చూపే వస్తువు. నాకు కూడా దాని విలువ అక్కడే ఉందనిపిస్తుంది. పిల్లలు దాన్ని చూసి పరుగెత్తుకొచ్చే తీరు మాత్రం ఏ మంచి మెషీన్‌కూ ఉండదు, ఇది ఒప్పుకోవాలి.

దీన్నుంచి మీకు పనికొచ్చే సంగతి బేరం దగ్గర ఉంది. అమ్మేవాడు 'ప్రపంచంలోనే పెద్దది, అరుదైనది' అని ఒక ధర చెబుతాడు. నిజమే. కానీ ఆ భవనం ఖాళీ చేయాల్సిన తేదీ దగ్గరపడుతుంటే, దాన్ని అక్కడి నుంచి కదిలించడం అతనికే పెద్ద తలనొప్పి. ఇలాంటివి చాలాసార్లు 'వచ్చి తీసుకెళ్ళేవాళ్ళకే' అన్న షరతు మీద పోతాయి. కదిలించే ఖర్చు, మనుషులు, ట్రక్కు, ఫోర్క్‌లిఫ్ట్, ఇవన్నీ ముందు మీరు లెక్కగట్టి, ఆ కాగితం అతని ముందు పెట్టి మాట్లాడండి. విలువ పెరుగుతుందా అని అడిగారు. పెట్టుబడిగా చూడొద్దు. కొనేవాళ్ళు కొద్దిమంది కాబట్టి మీరు అమ్మాలనుకున్న రోజున సరైనవాడు దొరక్కపోతే, ఇప్పుడు అమ్మేవాడున్న చోట మీరుంటారు.

కొలతల సంగతి. మీ ప్రాంతంలో మామూలు గ్యారేజీ తలుపు ఏడడుగుల ఎత్తు, అంటే 84 అంగుళాలు. మెషీన్ 83. కాగితం మీద ఒక్క అంగుళం వెసులుబాటు, కింద ట్రాలీ పెట్టగానే అదీ పోతుంది. కాబట్టి పైన స్కోరు కనిపించే తల భాగాన్ని విప్పకుండా తేవడం జరగని పని. ఆ కాలపు మామూలు మెషీన్లలోనే తల మడవదు, లోపలి బోల్టులు తీసి, కనెక్టర్లు ఊడదీసి దించాలి. తీసే ముందు ప్రతి కనెక్టర్‌కూ టేపు మీద గుర్తు రాసి ఫొటోలు తీసుకోండి. ఇక వెడల్పు. ఇంటి ముందు తలుపు సాధారణంగా 36 అంగుళాలు, లోపలి తలుపులు 30 లేదా 32. పెట్టె 39. అడ్డంగా వాల్చి తేవచ్చు కదా అంటారేమో, మలుపు దగ్గర 93 అంగుళాల పొడవు తిరగదు. మామూలు మెషీన్ 250 పౌండ్లు ఉంటుంది, ఇద్దరు గట్టివాళ్ళు ట్రాలీ మీద మేడ ఎక్కించేస్తారు. దీన్ని మేడ ఎక్కించాలంటే గోడ తెరిచి క్రేన్‌తో దించాలి. ఇల్లు ఇంకా కడుతున్నారు కాబట్టి గోడ లేవకముందే పెట్టేద్దాం అన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. రానివ్వొద్దు. లోపల పెట్టి గోడ కట్టేస్తే ఇల్లు అమ్మేటప్పుడు అది ఇంటితోనే పోవాలి.

పెట్టిన చోట కూడా ఊరికే పట్టడం చాలదు. ఆడేవాడికి ముందు మూడడుగులు కావాలి. ప్లేఫీల్డ్ మీది టెంపర్డ్ గాజు పలకను తీసినప్పుడు దాన్ని ఆనించడానికి ఒక గోడ ఖాళీగా ఉండాలి, ఎత్తడానికి రెండో మనిషి ఉండాలి. టెంపర్డ్ గాజు అంచు టైల్స్ నేలకు తగిలితే ఒక్క క్షణంలో మొత్తం పలుకులు పలుకులైపోతుంది. కింద దుప్పటి పరచడం మరవొద్దు.

సరే, జాగా ఉంది, కొనాలనే ఉంది అనుకుందాం. అప్పుడు చూడాల్సినవి చెబుతాను.

అమ్మేవాడు 'ప్లగ్గు పెట్టి చూపిస్తా' అంటే ఆపండి. 45 ఏళ్ళు దాటిన మెషీన్, ఎన్నాళ్ళుగా కరెంటు లేకుండా ఉందో తెలియదు. ముందు టార్చిలైటు వేసి లోపలికి చూడండి. ఎలుకల గూడు ఉందా? వాటి మూత్రం రాగిని తినేస్తుంది, బోర్డు మీద పచ్చటి పొర కనిపిస్తుంది. ప్లగ్గుకు మూడో కాలు, ఎర్తింగ్‌ది, ఎవరైనా విరగ్గొట్టారా? పాత ఆర్కేడ్ల నుంచి వచ్చే వాటిలో ఇది తరచుగా కనిపిస్తుంది. ఫ్యూజులు ఒక్కొక్కటే బయటికి తీసి మీద రాసిన ఆంపియర్లు మాన్యువల్‌తో సరిపోల్చండి. ఫ్యూజు ఉండాల్సిన చోట ఎక్కువ ఆంపియర్లది గానీ, రేకు చుట్టినది గానీ ఉంటే, అవతల ఏదో పదేపదే కాలిందని అర్థం.

ఎక్కువగా కాలేది కాయిల్. ఎలక్ట్రానిక్ మెషీన్లలో ప్రతి కాయిల్‌ను ఒక ట్రాన్సిస్టర్ నడుపుతుంది. అది షార్ట్ అయితే కాయిల్‌కు కరెంటు ఆగకుండా పోతుంది, కాసేపట్లో పొగ వస్తుంది. కాబట్టి కరెంటు ఇవ్వకముందే మల్టీమీటర్‌తో ప్రతి కాయిల్ నిరోధం, ప్రతి ట్రాన్సిస్టర్ డయోడ్ టెస్టు చూసుకోవాలి. హెర్క్యులిస్ కాయిల్ కాలిందంటే పక్క షాపులో ఇంకోటి దొరకదు. తెలిసినవాళ్ళ చేత చుట్టించుకోవాలి. పవర్ సప్లయ్‌లోని పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు ఎలా కనిపించినా మార్చెయ్యండి. ఆ తర్వాత బోర్డులన్నీ విడదీసి ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం కరెంటిచ్చి వోల్టేజీలు కొలిచి, ఒక్కొక్క బోర్డే కలుపుకుంటూ రావాలి. మెషీన్ చెడిపోయిందని చెప్పేవాటిలో చాలావాటికి అసలు జబ్బు కనెక్టర్లలో ఉంటుంది. కాంటాక్టులు నల్లబడి, టంకం పగిలి ఉంటాయి. చిప్పును అనుమానించే ముందు వాటిని చూడండి.

విడిభాగాల విషయానికొస్తే ఒక వింత ఉంది. ఈ మెషీన్‌లో సులభంగా దొరికేది బంతే. బిలియర్డ్స్ సామాను అమ్మే ఏ షాపులోనైనా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: నాణెం వేసి ఆడే బార్ టేబుళ్ళ కోసం కొంచెం పెద్దగా, రెండు అంగుళాల మూడు ఎనిమిదో వంతు సైజులో, లేదా లోపల ఇనుము పెట్టి బరువుగా చేసిన క్యూ బాల్స్ ఉంటాయి. అవి కాకుండా మామూలు రెండుంపావు అంగుళాలదే తీసుకోండి. బంతికి పెచ్చు లేచినా, గీతలు పడ్డా వెంటనే మార్చండి, లేకపోతే ప్లేఫీల్డ్ రంగును గీకేస్తుంది.

తక్కినవన్నీ కష్టమే. మామూలు పిన్‌బాల్ మెషీన్లకు ఏ కంపెనీదైనా ఫ్లిప్పర్ బ్యాట్లు, రబ్బరు రింగులు, బంపర్ టోపీలు పెట్టెల కొద్దీ దొరుకుతాయి, ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి కూడా. దీని భాగాలు దీనికే చేశారు. అందుకే కొనేటప్పుడు 'పని చేస్తుందా' కంటే 'అన్నీ ఉన్నాయా' అన్నది ముఖ్యం. పని చేయని మెషీన్‌ను చేయించవచ్చు. ఒక ప్లాస్టిక్ ముక్క లేని మెషీన్‌కు ఆ ముక్కను ఎవరైనా త్రీడీ ప్రింట్ చేసిపెట్టాలి. మాన్యువల్‌లో ఉన్న భాగాల బొమ్మ ముందు పెట్టుకుని ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ చూడండి, మొహమాటపడకండి.

బ్యాక్‌గ్లాస్, అంటే తల భాగంలో ముందు కనిపించే బొమ్మ గాజు, దాని మీద రెండు మాటలు. ఆ పెద్ద బొమ్మ గాజు వెనక వైపు అచ్చువేసిన రంగు. వెనక బల్బుల వేడికి, గోడౌన్‌లో ఎండకూ చలికీ ఆ రంగు గాజును వదిలి పెచ్చులుగా రాలుతుంది. హెర్క్యులిస్ విలువలో పెద్ద వాటా ఈ బొమ్మదే, ఎందుకంటే జనం చూసేది దాన్నే. ఇప్పటికే లేస్తుంటే చేత్తో ముట్టుకోవద్దు, తుడవద్దు. కొందరు వెనక నుంచి పారదర్శకమైన లక్క స్ప్రే చేసి ఆపుతారు. ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేం, నేను మాత్రం రాలడం మొదలైన వాటికే ఒప్పుకుంటాను. బల్బులు 44 నంబరువి ఉంటే 47 వేయండి, కరెంటు పావు ఆంపియర్ నుంచి 0.15కు తగ్గుతుంది, వేడీ ఆ మేరకు తగ్గుతుంది. ఎల్ఈడీ ఇంకా మంచిది, కానీ కళ్ళు జిగేల్మనే తెల్లటివి కాకుండా పసుపు ఛాయవి వాడితే పాత రూపం చెడదు.

హైదరాబాద్ ప్రశ్న. సాంకేతికంగా కుదురుతుంది, నేనైతే చేయను. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడ 230, 50. వోల్టేజీని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్‌ను అది మార్చదు. 60 కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద నడిస్తే దాని ఇనుప గుండెలో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరుగుతుంది, గుయ్యిమని మోత, వేడి. మాన్యువల్‌లో 50 హెర్ట్జ్ కనెక్షన్ ఉందేమో చూడాలి, లేకపోతే అది మార్చాలి. వర్షాకాలం తేమకు ప్లైవుడ్ ప్లేఫీల్డ్ ఉబ్బుతుంది, ఏసీ ఆగని గది కావాలి. పాత సామాను దిగుమతికి కస్టమ్స్ ఏజెంటు ఏం చెబుతాడో అది వేరే కథ. అక్కడ కాయిల్ చుట్టగల మెకానిక్ తప్పకుండా దొరుకుతాడు, ఆ విషయంలో మనవాళ్ళకు తిరుగులేదు. దొరకనిది, ఈ మెషీన్ ఎలా ఉండాలో ముందే చూసినవాడు. మన ఇళ్ళల్లో మేకులు కొట్టిన చెక్క పలక మీద గుండు వదిలే బాగటెల్ ఆట ఉండేది గుర్తుందా? పిన్‌బాల్ దాని వంశమే. అమ్మానాన్నలకు చూపించాలనే సరదా అయితే ఒక మంచి బాగటెల్ పలక చేయించి పంపండి, నిజంగా ఆడతారు.

కొనే ముందు ఒకసారి ఆడి చూడండి. లాస్ వేగాస్‌లో పిన్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది, 2021లో స్ట్రిప్ దక్షిణపు చివర ఆ ప్రసిద్ధ స్వాగత బోర్డు దగ్గరికి మారింది. అక్కడ హెర్క్యులిస్ ఉంది. పని చేస్తోందో లేదో వెళ్ళే ముందు ఫోన్ చేసి కనుక్కోండి, ఇలాంటి మెషీన్లు మంచం పట్టడం మామూలే. వరుసగా ఐదారు ఆటలు ఆడండి. మొదటిదాంట్లో ఉన్న ఉత్సాహం ఆరోదాంట్లో కూడా ఉంటే నేను పైన రాసిందంతా పక్కన పెట్టేయండి.

అటారీ మీద అభిమానం ఉండి గది మాత్రం మేడ మీదే ఉండేట్టయితే, అదే 1979లో వచ్చిన 'సూపర్‌మ్యాన్' వెతకండి. అది స్టీవ్ రిచీ డిజైన్. ఆయన ఆ తర్వాత విలియమ్స్‌కు వెళ్ళి 'ఫ్లాష్', 'బ్లాక్ నైట్', 'హై స్పీడ్' చేశాడు. వేగం అంటే ఆయనే అని పేరు. ఒకే కంపెనీ, ఒకే ఏడాది. ఒకటి బంతి ఎటుపోయిందో కనపడకుండా పరుగెడుతుంది, ఇంకోటి అసలు కదలదు. సూపర్‌మ్యాన్ కూడా వెడల్పు మెషీనే, తలుపులు ముందు కొలుచుకోండి. కానీ మెట్లెక్కుతుంది, ఆడుతుంది, అమ్మబోతే కొనేవాళ్ళుంటారు.

వీటన్నిటికంటే ముందు, మీకు దగ్గర్లోనే ప్రతి వసంతంలో టెక్సస్ పిన్‌బాల్ ఫెస్టివల్ జరుగుతుంది, ఫ్రిస్కోలోనే. వందల మెషీన్లు, టికెట్టు కొంటే రోజంతా ఎన్నైనా ఆడుకోవచ్చు. అమ్మేవాళ్ళూ, బాగుచేసేవాళ్ళూ అక్కడికే వస్తారు. మీరు చూసిన మెషీన్ ఫొటోలు, లోపలి బోర్డులవీ, ప్లేఫీల్డ్ కింద వైరింగువీ, ఫోన్లో పెట్టుకుని వెళ్ళండి. అటారీ బోర్డులు తెలిసినవాళ్ళు ఎవరని అడిగితే ఎవరో ఒకరు వేలు పెట్టి చూపిస్తారు. అవే ఫొటోలు ఇక్కడ పెట్టినా చూసి చెబుతాను. ముఖ్యంగా బ్యాక్‌గ్లాస్‌ను వెనక నుంచి వెలుతురు పెట్టి తీసింది ఒకటి, ఫ్యూజులు కనపడేలా ఒకటి కావాలి.